పైపులో గుట్ట

యూరియా సంచిలోనే వచ్చింది గని మట్టి.
పాత సంచి. ఎర్ర అక్షరాలు సగం చెరిగి
నలభై అయిదు కిలోలన్న మాటొక్కటి మిగిలింది.
తార్నాకలో లారీ దిగి, ఆటో మాట్లాడుకుని,
మూడో అంతస్తు దాకా భుజం మీద మోసుకొచ్చినవాడు
బాలపీరయ్య,
గని మూతబడ్డాక కూడా
దాని దిబ్బ పక్కనే కాపురమున్నవాడు.
సంచి దించి చేతులు దులుపుకోబోతే
"దులపకండి, కడుక్కోండి" అన్నాను.
"ముప్పయ్యేళ్లుగా దులుపుకుంటానే ఉన్నాం"
అని నవ్వాడు.

నిజానికి అది మట్టి కాదు.
కొండను నూరి, కావలసింది ఏరుకుని
అక్కర్లేదని పారబోసిన పిండి.
గాలి లేస్తే కంచంలోకి,
వాన పడితే బావిలోకి
కాళ్లు లేకుండా నడిచే సీసం అందులో.

సీసమంటే బడిలో నాకు పద్యం.
గణాలు లెక్కపెట్టి వేళ్లు నొప్పెట్టేవి.
ఇక్కడా లెక్కే.
లీటరు నీళ్లకు ఇన్ని మిల్లీగ్రాములు.
ఒక్కటి ఎక్కువైనా తప్పే,
దిద్దుకునే చోటు మాత్రం పిల్లల ఎముకల్లో.

మా ఫ్రిజ్‌లో వేలెడంత గొట్టం ఉంది.
మౌలాలి వెనక బర్రెల కొట్టంలో
మూత్రం ఇంకిన నేలలో దొరికిన సూక్ష్మజీవి.
దానికి రెండే పనులు వచ్చు:
యూరియా తినడం,
సున్నం అందితే ఒంటి చుట్టూ రాయి కట్టుకోవడం.

"పాలల్ల తోడేసినట్టేనా?" అంది జుబేదా ఆపా,
మా గాజు సామాన్లు కడిగే మనిషి.
అంతే ఆపా. కాకపోతే ఈ పెరుగు
తోడుకోవడానికి నలభై రోజులు.

నాలుగు ప్లాస్టిక్ పైపుల్లో పిండి నింపి
పైనుంచి చుక్క, చుక్క.
రంజాన్ మొదలైంది.
తను గుక్క నీళ్లు ముట్టకుండానే
వాటికి మాత్రం వేళ తప్పనివ్వలేదామె.
గదంతా సికింద్రాబాద్ స్టేషన్ గోడ వాసన.
బస్సులో నా పక్క సీటు
ఉప్పల్ దాకా ఖాళీ.

ఆదివారాలు మణికొండలో అక్క ఇంట్లో పడుకుంటే
మధ్యాహ్నం కిటికీలు గజగజ.
ఎవరో గుట్టకు మందు పెట్టి పేలుస్తారు.
మనిషి పుట్టకముందు నుంచీ కూర్చున్న బండలు
టిప్పర్లలో కంకరై వెళ్లిపోతాయి.
ఊరంతా గుట్టను పిండి చేస్తుంటే
నేనూ ఆపా, కొట్టంలో దొరికిన ఈ కంటికానని ప్రాణీ
పిండిని గుట్ట చేయాలని కూర్చున్నాం.

నలభై ఒకటో రోజు పైపులు కోశాం.
మూడోది బురదగానే జారింది.
ఎందుకో తెలియదు, ఇప్పటికీ.
మిగతా మూడూ నిలబడ్డాయి.
ఆపా వేలి కణుపుతో కొట్టి చూసింది,
మార్కెట్లో కుండ కొట్టి చూసినట్టు.
టంగుమంది.
కింద గిన్నెలో నీళ్లు పరీక్షకు పెడితే
సీసం దాదాపు లేదు.

"మల్ల యాడికి పోయింది?"
ఎక్కడికీ పోలేదు. రాయిలోనే ఉంది.
"జైల్లున్నట్టా?"
అట్లాగే.
"మరి కావలి ఎవరు?"

నేను వెంటనే చెప్పలేకపోయాను.
కట్టిన మేస్త్రీ కట్టిన గోడలోనే
ఊపిరాడక ఉండిపోతాడు ఆపా,
గదికి తలుపు పెట్టుకోవడం వాడికి రాదు.
పుల్లటి నీళ్లు ఏళ్ల తరబడి తగిలితే
ఆ గోడా కరుగుతుంది.
సీసం చావదు. దాన్ని పట్టుకుని ఉండాలి,
అంతవరకే మా చేతనైంది.

సాయంత్రం బాలపీరయ్య ఫోను.
"గట్టిపడిందా?"
పడింది, పైపులో.
కాసేపు ఏమీ వినబడలేదు, వెనక ఏదో మేక అరుపు తప్ప.
"మా దిబ్బ పైపులో పట్టదు గదా."

కిటికీలోంచి మౌలాలి గుట్ట కనిపిస్తోంది.
అంత ఉంటుందా అని అడిగితే
ఆయన ఆ గుట్టను చూళ్లేదన్నాడు.

కాగితం తీసి చుక్కలు లెక్కగడుతున్నాను.
కుళాయి దగ్గర చప్పుడు.
ఇఫ్తార్‌కి ఇంకా అరగంట ఉంది,
ఆపా పెద్ద సీసాలు కడుగుతోంది.