రాత్రిపూట పేరు

పలాసలో మా జీడిబట్టీ మూసేసరికి పది దాటుతుంది.
తూకాల పుస్తకం కింద ఇంకో పుస్తకం దాచుకుంటాను.
అట్ట లేదు, మొదటి నలభై పేజీలు లేవు,
పాత కాగితాల కొట్లో కిలో పన్నెండు రూపాయల లెక్కన దొరికింది.
గ్రీకు మాటలు ఎక్కడ పుట్టాయో చెబుతుంది.
నాకు గ్రీకు రాదు. పుట్టుకలంటే ఇష్టం.

మొసలిని వాళ్లు గులకరాళ్ల పురుగన్నారట.
గోడ మీద ఎండ కాగే బల్లికి పెట్టుకున్న పేరు
నైలునదిలో అంతదాన్ని చూశాక కూడా మార్చలేదట.
నవ్వొచ్చింది.
చీకటి పడ్డాక మా ఇళ్లలోనూ
పాము పాము కాదు, పురుగే.
పేరు వింటే వచ్చేస్తుందని.

ఉడుత వాళ్లకి నీడతోక.
తన తోక నీడలో తానే కూర్చుంటుందని.
ఈ పేరు పెట్టినవాడికి ఆ మధ్యాహ్నం
వేరే పని ఉన్నట్టు లేదు.

నెమలిని తావోస్ అన్నారు.
దక్షిణాన ఏ తీరం నుంచో మన తోకలాంటి మాటొకటి ఓడెక్కి,
చేతులు మారి, నోళ్లు మారి, అరిగి
అలా తేలిందని ఒక ఊహ.
ఏ రేవో పుస్తకం చెప్పలేదు.
పక్కన పెన్సిలుతో కళింగపట్నం అని రాసుకున్నాను.
తప్పైతే చెరిపేస్తాను.

పిక్కలు కొట్టేవాళ్లలో దున్న నీలవేణికి
ఎడమ చెంప మీద కంటిదాకా కుట్లు.
మూడేళ్ల కిందట, మందస దగ్గర పుట్టింటి తోటలో,
తెల్లారకముందే జీడిపళ్లు ఏరుతుంటే.
మీద పడిందేమిటో ఇప్పటికీ అనదు.
"అదే బాబూ, ఆ నల్లోడు" అంటుంది.
ఆసుపత్రి చీటీలో ఉన్న మాట ఆమె నోట లేదు.

వైశాఖంలో ఒక రాత్రి కరెంటు పోతే
వాకిట్లో బస్తాల మీద కూర్చుని చెప్పాను:
ఉత్తరాన మంచుదేశాలవాళ్లూ నీలాగేనట,
అడవికి వినబడుతుందని అసలు పేరు మానేశారట.
కొందరు గోధుమరంగోడన్నారు, కొందరు తేనెతినేవాడన్నారు,
అలా అంటూ అంటూ అసలుది మరిచేపోయారు.
గ్రీకులు మాత్రం వదల్లేదు, ఆర్క్టోస్ అన్నారు.
మన ఋక్షానికి తోబుట్టువు.

"ఆలకి బయం నేదా?"

ఏమో. తీసుకెళ్లి ఆకాశంలో పెట్టుకున్నారు.
మహేంద్రగిరి వైపు ఏడు చుక్కలు చూపించాను.
మన పాతవాళ్లూ వాటిని ఋక్షాలే అన్నారని,
ఋషులు తరవాతొచ్చి కూర్చున్నారని.
చాలాసేపు చూసింది.
"నవారు నేని మంచంనాగుంది" అంది.
ఆపైన,
"మా ఇంటిపేరు దున్న. అటుపక్కోలు గేదెలోలు, ఇటుపక్కోలు నక్కోలు.
మేం ఎక్కడ పుట్టేమో నీ పుస్తకంలో ఉందేటి?"

లేదు.
పోయిన నలభై పేజీల్లోనూ ఉండదు.

చెప్పాలా వద్దా అనుకుంటూనే ఇంకొకటి చెప్పాను:
ఎలుగంటే గొంతు కూడా.
ఎలుగెత్తి పిలవడం అంటారు చూడు.
రెండూ ఒకటో, దారిలో కలిసిన పరాయివాళ్లో
నాకు తెలీదు.
అన్నాక గాని తట్టలేదు,
రాత్రిపూట, ఆమె ముందు, ఆ పేరు అనేశానని.

నీలవేణి చెయ్యి చెంప మీదికి పోయింది.
"ఆ దినం నాకు గొంతే పెగల్నేదు బాబూ.
అరిసుంటే ఎవులో ఒకలు వొద్దురు."

కరెంటొచ్చింది.
జీడిపాలకి నల్లబడ్డ వేళ్లు మళ్లీ పిక్కల మీదికి వెళ్లాయి.
ఆమె పేరు ఎదురుగా పదకొండున్నర కిలోలు వేశాను.

బట్టీ దాటితే తోటల దారి.
ఆడవాళ్లు గుంపుగా, రేకుడబ్బా వాయించుకుంటూ పోతారు.
ఆ రాత్రి డబ్బా మోత ఉన్నట్టుండి ఆగింది.
ఒక్క గొంతు లేచింది, ఒకే మాట, రెండుసార్లు.
ఏమందో చెప్పలేను.
అప్పుడే గూడ్సుబండి పోతోంది.