పిన్నీసంత బెజ్జం

బటన్ నొక్కితే లోపల గుర్రుమంటుంది
గొంతులో పల్లేరుకాయ ఇరుక్కున్న మేక మాదిరి.
నోరు మాత్రం తెరవదు.

ఉరవకొండ బస్టాండు వెనక, మెట్ల కింద
నా డిజైన్ సెంటరు.
డ్రైవులో సీడీ, సీడీలో గవిసిద్దమ్మ చీరంచు:
రుద్రాక్షల వరస, నడుమ నడుమ ఒక్కో చిలక.
అది తీసుకొని ఆయమ్మ అట్టల మిషను కాడికి పోవాల.
మగ్గం గుంతలో మొగుడు ఉత్త చేతుల్తో కూచున్నాడంట,
ఎల్లుండికి శావుకారి మనిషి వస్తాడంట.

టీ బంకు లాలెప్ప వచ్చి
డబ్బాకు రెండు దెబ్బలేసినాడు.
"ఆపి వెయ్యన్నా" అన్నాడు జిరాక్సు పిల్లోడు.
ఆపి వేసినా. మళ్ళీ ఆపి వేసినా.
కత్తి మొనతో సందులో గీకితే
ప్లాస్టిక్కు పొట్టు రాలింది, అంతే.
ఆయమ్మ ఏమీ అనలేదు.
గోడ గడియారం చూసి, నా మొహం చూసి
మళ్ళీ గడియారమే చూసింది.

అప్పుడొచ్చినాడు పంపన్న,
కరెంటు బిల్లు జిరాక్సుకని. నా కోసం కాదు.
ముప్పైయేండ్లు జకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టిన చెయ్యి
నేను కంప్యూటరు పెట్టిన ఏడే ఖాళీ అయింది.
ఆ మాట ఆయప్ప ఎన్నడూ అనలేదు.
నేనే, ఎదురుపడితే
నా చెప్పుల పక్క చూసుకుంటా.

అద్దాలు నొసటి మీదికి తోసి వంగినాడు.
డ్రైవు మొహాన్ని బొటనవేలితో తడిమినాడు
అట్టను తడిమినట్టే, ఎడమ నుంచి కుడికి.
వేలు ఆగింది.
"ఇదేందబ్బీ?"

బటన్ పక్కన ఆవగింజంత బెజ్జం.
ఎనిమిదేండ్లుగా చూస్తానే ఉన్నా.
గాలి ఆడేదానికేమో అనుకున్నా.
నిజం చెప్పాలంటే ఏమీ అనుకోలేదు.

"బెజ్జం ఊరికే కొట్టరు.
కొట్టినోనికి కూలి ఇయ్యాల గదా."

కరెంటు తీసెయ్యమన్నాడు. తీసినా.
గవిసిద్దమ్మ గాజుకున్న పిన్నీసు ఊడదీసి ఇచ్చింది.
దాన్ని పండ్ల మధ్య పట్టి సాపు చేసి
నేరుగా, వంకర పోకుండా తోసినాడు.
నాడె విసిరినట్టు కాదు,
తెగిన పోగును పన్నె సందులో ఎక్కించినట్టు.
లోపల ఏదో మెత్తగా ఎదురు నిలిచింది.
ఇంకొంచెం.
వేలెడు బయటికొచ్చింది పళ్ళెం,
డాక్టరు ముందర పిల్లోడు నాలిక చాపినట్టు.

మిగతాది గోళ్ళతో లాగినాం.

సీడీని వెలుతురుకు పట్టుకొని
నడిమి బెజ్జంలోంచి ఒంటి కన్నుతో
నన్ను చూసినాడు పంపన్న.
"దీనికీ ఉండాదే!" అని నవ్వినాడు.
నాకు అప్పుడు నవ్వు రాలేదు.

అంచుకు చిన్న గీత పడింది.
పక్క అంగడి డబ్బాలో వేస్తే
తొంబై కాడ ఆగి, చానాసేపు ఆలోచించి
నూరయింది.

పిన్నీసు మళ్ళీ సరిగ్గా వంగలేదు.
అట్లే గాజుకు తగిలించుకొని
గవిసిద్దమ్మ ఉరికింది.

జిరాక్సు పిల్లోడు రెండు రూపాయలడిగినాడు.
నేను నోరు తెరిచేలోపలే
పంపన్న ఇచ్చేసినాడు.