ముల్లు లేని తుమ్మ

లాలాగూడ రైల్వే ఆసుపత్రి, వెనక గేటు.
పుష్యమాసం, పొద్దున ఆరున్నర.
నైట్ డ్యూటీ దిగి వస్తుంటే
స్వెటర్ భుజాల మీద పసుపు పొడి,
ఎవరో పిడికెడు చల్లి దాక్కున్నట్టు.

తలెత్తితే ఆస్ట్రేలియా తుమ్మ.
మనం ఆకులనుకునేవి ఆకులు కావట,
కాడలే వెడల్పై కొడవళ్ళలా వంగాయట.
కాంపౌండర్ విల్‌ఫ్రెడ్ గారు చెప్పేవారు రిటైరయ్యే ముందు,
మందుల కిటికీలోంచి చెయ్యి చాపి ఒకటి తెంపి చూపిస్తూ.
చేసేది ఆకు పని, పుట్టుక కాడ.
మా వార్డులో ఆయా మాణిక్యం కూడా అంతే.
సూది ఎక్కడ గుచ్చాలో నాకు నేర్పింది తనే.

ఇది పుట్టిన చోట చలికాలమంటే జూన్, జులై.
మనం బోనం కుండకి సున్నం పూసే రోజుల్లో
వాళ్ళక్కడ దుప్పట్లు తీస్తారట.
మరి గోనెసంచిలో ఓడ దిగిన మొదటి గింజ
ఎన్నేళ్ళు తికమకపడిందో!
ఆషాఢంలో మొగ్గ తొడిగి
వానకి తడిసి రాల్చుకుని
మళ్ళీ తొడిగి మళ్ళీ రాల్చుకుని,
ఇక్కడ చలి సంవత్సరానికి అటు చివర వస్తుందని
ఎవరిని అడిగి తెలుసుకుందో.

ఎవరినీ అడిగుండదు.
నిలబడి రాత్రుల పొడుగు కొలుచుకుని ఉంటుంది.

ఆ కొలత నాకూ తెలుసు.
పన్నెండుకి నాడి, రెండింటికి సెలైన్,
నాలుగుకి జ్వరం చార్టు.
పదకొండో నంబరు మంచం మీద గ్యాంగ్‌మన్ మల్లారం
గంటకోసారి అదే మాట:
"ఎన్నింటికి తెల్లారుతది సిస్టరమ్మా?"
ఇంకాసేపే అన్నాను, ఒంటిగంటన్నరకి.
ఇంకాసేపే అన్నాను, మూడింటికి.
ఐదింటికి నిద్రపోయాడు.
తెల్లారడం చూడనే లేదు.
లేచాక నన్ను తిడతాడేమో.

పోయినేటి కాయలు కొన్ని ఇంకా వేలాడుతున్నాయి
మెలితిరిగిన చెవుల్లాగా, ఎండి, నల్లబడి.
గేటు పక్క బాటిల్ బ్రష్ కూడా రెండు ఎర్ర కుచ్చులు వేసింది.
అందులో ఒక తేనెపిట్ట తలకిందులుగా.
దానికి పొద్దు పొడిచింది చాలు,
ఏ దేశపు పొద్దైనా.

చెట్టు కింద సంపూర్ణమ్మ చీపురు ఆపి
నడుం మీద చెయ్యి పెట్టుకుంది.
"దీని పాడుగాను, ఊడ్చినకొద్దీ రాలుతది సిస్టర్!
కొట్టేయుమంటే ఏఈ సారు వినడు."
తిడుతూనే కొంగున పడ్డ పూల కుచ్చు ఒకటి తీసి
పారేయకుండా
చెత్తబండి హ్యాండిల్‌కి గుచ్చింది.
నేను చూశానని ఆమె చూడలేదు.

మెట్టుగూడ స్టాపులో పాల ప్యాకెట్ల ముసలావిడ
నా భుజం వంక చూసి నవ్వింది:
"పెళ్ళింటి నుంచా బిడ్డా?"
"పుష్యంలో పెళ్ళిళ్ళెక్కడివి పెద్దమ్మా, డ్యూటీ నుంచి."

"మరి పసుపు?"

బస్సు వచ్చింది.
దులుపుకోకుండానే ఎక్కాను.