మధ్యరకం

యార్డులో నా పని కాయను చదవడం.
టిక్కీ కుట్టు విప్పకముందే
గోనె మీద అరచెయ్యి ఆనించి
తేమ ఎంతో చెబుతాను.
ఎత్తి ఒక్కసారి కుదిపితే
లోపల గింజ గలగలమంటుంది,
అది ఎండిన కాయ మాట.
మోగకపోతే మంచు తిన్న సరుకు.
ముప్పై ఏళ్లు దగ్గి దగ్గి నేర్చుకున్న చదువు.

కొత్తపేటలో డాక్టరు
నా కుడి పక్కటెముకల కింద వేళ్లు పెట్టి
"తాగుతావా?" అన్నాడు.
లేదండీ.
బయట కాంపౌండరు: "రోజూనా, అప్పుడప్పుడా?"
చీటీలు రాసే కుర్రాడు తలెత్తకుండానే
"ఎప్పుడు మానేశావు?"
ఇంటికొస్తే మా బావమరిది జానీబాషా
చెవి దగ్గర మెల్లగా,
"నాతో చెప్పొచ్చుగా, మస్తానూ."
చుక్క ముట్టనివాడి కాలేయానికి
ఈ ఊళ్లో సాక్షులు దొరకరు.

సూదంటే నాకు భయం లేదు, గొట్టమంటే భయం.
ధాన్యం కొట్లో చూశాను.
బస్తా పొట్టలో ఇనుప గొట్టం గుచ్చి
గుప్పెడు గింజలు లాగి
లారీ మొత్తానికి రేటు కడతారు.
గొట్టం దిగినచోట తప్ప ఉంటే లారీ అంతా తప్పే.
జానెడు పక్కన బంగారం ఉందేమో, ఎవరడిగారు?
కాలేయంలోంచి ముక్క తీయడమూ అంతేనట,
దీవెనమ్మ చెప్పింది.
నెత్తురు తీసే అమ్మాయి, నల్లపాడు నుంచి
రోజూ షేర్ ఆటోలో వస్తుంది.
"ఇప్పుడే గుచ్చరులే బాబాయ్,
ముందు నెత్తురు ఏమంటుందో విందాం."
ఊదా మూత సీసాలో కొంత,
పసుపు మూత సీసాలో కొంత.
నా చేతివేళ్ల కారం తగిలి
ఆ పిల్లే రెండుసార్లు తుమ్మింది.

సాయంత్రం రిపోర్టు.
నా జేబులో తక్‌పట్టీ తీసి, వెనక్కి తిప్పి
లెక్క వేసి చూపించింది.
నా వయసు యాభై రెండు.
ఏఎస్‌టీ యాభై. హెచ్చవేస్తే రెండు వేల ఆరు వందలు,
అది గీత పైన.
గీత కింద ప్లేట్‌లెట్లు,
వేలు కొట్టేస్తే నూట అరవై ఎనిమిది,
పక్కన ఏఎల్‌టీ నలభై తొమ్మిది,
దానికి వర్గమూలం...
"ఏడు" అన్నాను, ఆ పిల్ల కన్నా ముందు.
ఎనిమిదో తరగతిలో వదిలేసిన లెక్క
ఇన్నేళ్లూ అక్కడే నిలబడి ఉంది నాకోసం.
ఏడు నూట అరవై ఎనిమిదులు
పదకొండు వందల డెబ్భై ఆరు.
భాగిస్తే రెండు పాయింట్ రెండు ఒకటి.

"ఒకటి పాయింట్ మూడు లోపైతే ఇంటికెళ్లి నిద్రపొమ్మంటారు.
రెండు పాయింట్ ఆరు ఏడు దాటితే పెద్ద డాక్టరు దగ్గరికి.
నువ్వు నడిమధ్యలో ఉన్నావు బాబాయ్."
ఇంకో నెత్తురు పరీక్ష ఉందట,
లోపల మచ్చ కడుతుంటే వాసన పడుతుందట.
హైదరాబాదు పంపాలి, ఖరీదు.
నా వయసెందుకమ్మా పైన పెట్టారు,
అదేమన్నా రోగమా?
నవ్వింది, జవాబు చెప్పలేదు.
ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు.
అప్పటికి యాభై మూడు.
ఇంకేదీ మారకపోయినా పై అంకె పెరుగుతుంది.
ఆ రాత్రి కుడి పక్కకి తిరగలేదు,
కదిలిస్తే ఏదైనా మోగుతుందేమోనని.

తెల్లారి యార్డులో దాచేపల్లి రైతు,
తేజ రకం, ముప్పై టిక్కీలు.
చెయ్యి ఆనించాను. కుదిపాను.
కొంత మోగింది, కొంత మోగలేదు.
"మధ్యరకం" అన్నాను.
"అదేం మాట! మంచిదనన్నా చెప్పు, చెడ్డదనన్నా చెప్పు."
"కోయకుండా చెప్పగలిగింది అంతే, నాయనా."
"అయితే కొయ్యి" అన్నాడు,
కండువా తీసి నేల మీద పరుస్తూ.

కత్తి జేబులోనే ఉంది.
చెయ్యి కూడా చాలాసేపు జేబులోనే ఉంది,
మొన ఎటువైపుందో వేలితో తడుముకుంటూ.