ఐదు నిమిషాలు

సోహార్ రేవు గేటు కాడ కొత్త బోర్డు వెట్టిన్రు.
అరబ్బీల ఉన్నది, ఉర్దూల ఉన్నది,
మలయాళంల సుత ఉన్నది.
మన అక్షరాల కోసం వెనుకకు పోయి చూసిన, రేకు.
గుల్ జమాన్ చెయ్యి విప్పి వేళ్లు చూపిండు:
నిలవడ్డ బండి ఇంజను ఐదు నిమిషాలే, లింబా భాయ్.
ఆరోది యాభై రియాళ్లు.

చెవి తిప్పిన.
పదకొండేండ్ల సంది నడుముల కాపురమున్న వణుకు
లేచి పోయింది.
ఏసీ ఒక చల్లటి ఊపిరి ఇడిసి
నోరు మూసుకున్నది.

ముందర ముప్పై ఏడు బండ్లు.
ఎండ నలభై ఎనిమిది.
స్టీరింగ్ మీద తడి తువ్వాల ఏసిన,
సలసల ఆరిపోయింది.

ఎనుక డబ్బాల మాత్రం
ఇంకో మోటరు గుర్రుమంటనే ఉన్నది.
దానికి మాఫీ.
బ్రెజిల్ కోళ్లు సున్నాకింద పద్దెనిమిదిల పండుకున్నయి.
అవి కరిగితే లెక్క రాస్తరు.

దిగి, రెండు బండ్ల నడిమి సన్నపు నీడల కూసున్నం.
పొగ తగ్గింది చూడు, అన్నడు జమాన్.
నిజమే.
గాలిల డీజిలు లేదు, ఉప్పు ఉన్నది.
సముద్రం గింత దగ్గరుంటదని
ఇయ్యాలనే ఎరుకైంది.

డబ్బా తలుపు సందుల కెల్లి నీటిచుక్క జారుతున్నది.
దోసిలి వట్టిన.
చానసేపటికి నిండింది, మెడ మీద పోసుకున్న.
కోళ్ల చలిల నా వాటా.

హారన్.
ఉరికి ఎక్కిన, చెవి తిప్పిన,
ఒక్క బండి పొడువు కదిలిన.
మొఖానికి చల్లగాలి తగులుతనే ఉన్నది,
మళ్ల బందు.