ఎడమకు వాలిన గీత

ష్రైబర్ అంటే రాసేవాడు.
ఈ కొండల్లో ఆ ఇంటిపేరున్నవాళ్ళు
మా కచేరీలో పదకొండు పెట్టెల నిండా ఉన్నారు.
వాళ్ళలో సగం మందికి రాత రాదు.
ఇంటిపేరు కస్తూరివారన్న సామెత
హున్స్‌ర్యూక్‌లో పుట్టలేదు గాని, పుట్టాల్సింది.

అక్టోబరులో బ్రెజిల్ నుంచి ఉత్తరం వచ్చింది.
ఇవొనె ష్రైబర్ అట, రిటైరైన పళ్ళ డాక్టరు.
"మా ముత్తాత తండ్రి పేరు యోహాన్.
మీ వైపు నుంచే ఓడెక్కాడు.
ఇంకేమీ తెలియదు. వెతికిపెడతారా?"
అరగంట వెతుకులాటకు రుసుము ఎంతో రాసి పంపి
మొదటి పెట్టె ముడి విప్పాను.

యోహాన్‌లు ఏడుగురు.
ఒకడు పుట్టిన మూడోనాడే పోయాడు.
పేరు వృథా పోనివ్వకుండా తర్వాతి బిడ్డకు పెట్టారు,
ఒక్కసారీ నలగని చొక్కా తమ్ముడికి తొడిగినట్టు.
ఒకడు దొరవారి అడవిలో పుల్లలేరి జరిమానా కట్టాడు.
మరుసటి ఏడూ కట్టాడు, ఆ మరుసటి ఏడూ.
చలి మానలేదు, అతనూ మానలేదు.
ఒకడు పలకరాతి గనిలో కూలి.
బళ్ళో పిల్లలు దిద్దుకునే పలకలు
నలభై ఏళ్ళు తవ్వి పైకి పంపాడు,
తాను మాత్రం ఒక్క అక్షరం దిద్దలేదు.

మధ్యలో అపొలోనియా అడ్డొచ్చింది,
ఎవరూ అడగని మనిషి.
పోయేనాటికి ఆమె ఆస్తి: మేక ఒకటి, దిండ్లు రెండు,
పియర్ చెట్టులో సగం.
ఏ సగమో రాయలేదు.
ఆ కాగితం దగ్గర టీ చల్లారిపోయింది.

తొమ్మిదో పెట్టె నేను త్వరగా మూసేస్తుంటాను.
ఈసారి మూయలేదు.
లేయోపోల్ట్ ష్రైబర్, పశువుల వ్యాపారి, యూదుడు.
అతని జనన నమోదు అంచున
ముప్ఫై తొమ్మిది జనవరిలో ఇంకో పేరు చేరింది.
ఇజ్రాయెల్. అతను అడిగింది కాదు, తల్లి పిలిచింది కాదు.
చేర్చిన గుమాస్తా సంతకం కిందే ఉంది:
ఎగోన్ ష్రైబర్.
ఏ చుట్టరికమూ లేదు, పేరు తప్ప.
పదకొండు పెట్టెల్లోనూ పేరుకు తగ్గవాడు ఇతనొక్కడే.
ముత్యాల్లాంటి అక్షరాలు, గీత దాటని వరస.
యుద్ధం ముగిశాక ఇచ్చిన ప్రశ్నాపత్రంలో
తెలియదు, తెలియదు, నాకు తెలియదు
అని అవే ముత్యాలు.
అంచున చేర్చిన పేరును తర్వాతెవరో కొట్టేశారు.
కొట్టేసినా చదవొచ్చు.
లేయోపోల్ట్ చూసుకోవడానికి రాలేదు.

ఆ రాత్రి ఇవొనెకు ఏమీ రాయలేకపోయాను.

తర్వాతి వారం ఆమె నుంచే ఇంకో కబురు:
"ఒక్కటి మరిచాను. మా ఇంట్లో తరానికొకరిది ఎడమచేతి వాటం.
నేను పళ్ళు పీకిందంతా ఎడమ చేత్తోనే."

పద్దెనిమిది వందల అరవై ఒకటిలో
దేశం విడిచిపోతామని అర్జీ పెట్టిన యోహాన్‌లు ఇద్దరు,
పుల్లలేరినవాడు, పలకలు తవ్వినవాడు.
ఇద్దరూ సంతకం చోట అడ్డంగా నిలువుగా రెండేసి గీతలు.
భూతద్దం కింద రెండు గుర్తులూ పక్కపక్కన పెట్టాను.
చేతిరాతంటే పోల్చొచ్చు.
రాయలేని చేతిని ఎలా పోల్చడం?

పలకలవాడి నిలువు గీత ఎడమకు వాలింది.
పాళీ అరిగిందేమో.
బల్ల ఎగుడుదిగుడేమో.
వెనకాల వరసలో ఎవరో తోశారేమో.

జవాబు ఫారంలో రెండే గడులు:
దొరికారు, దొరకలేదు.
రెండూ ఖాళీగా వదిలేసి
అంచున బహుశా అని రాశాను,
పెన్సిల్‌తో.