ఓర్వకల్లు నుంచి గంట

టికెట్టు మీద రాసిండేది గంటే.
బేతంచెర్ల నుంచి బెంగుళూరుకు నా లెక్క వేరే:
ఒక రేత్రి, రెండు టీలు, గుత్తిలో ఉగ్గాని,
ఎండాకాలమైతే ఒక టైరు.
బండల లోడును బట్టి దూరం సాగుతుంది,
కాంటా చీటీ చూడందే ఎంతో చెప్పలేను.

యశ్వంతపురం యార్డులో బండి నిలిచిపొయ్యింది,
దాని డ్రైవరుకు డెంగీ.
"మాపటికంతా నువ్వు ఆడుండాల మద్దిలేటీ" అని
షావుకారు తన ఫోన్లోనే నన్ను ఎక్కించేసినాడు.

ఓర్వకల్లు గుండ్ల నడుమ నల్లటి దోవ,
యాడా ఒక గుంత లేదు.
ఇరవై రెండేండ్ల డ్రైవరుకు
బెల్టు ఎట్ల బిగించాలో ఒక చిన్నపిల్ల నేర్పింది.

రెక్క కింద కిటికీ నాది.
ఫంకా తిరిగింది. గేరు మారే చప్పుడు కోసం
చెవులు పెట్టుకొని కూచున్నా. మారలే.
లోడు దించిన లారీ మాదిరి
నేల ఒక్కసారి తేలికైపొయ్యింది.

డోన్ అనుకున్నది డోనో కాదో.
గుత్తి కోట రాగిముద్దంత.
పెన్నమ్మ, ఆరేసి మర్చిపోయిన పాత పంచె.
నేను బ్రేకులు అరగదీసిన దోవ ఒక దారప్పోగు,
దాని మీద పాకే చీమల్లో ఏదో ఒకటి
టమోటా లోడుతో, ఎవర్నో తిట్టుకుంటా పొయ్యే
నాలాంటోడు.

పామిడి దాటితే గార్లదిన్నె.
గార్లదిన్నె దాటినాక తుమ్మచెట్టు.
ఆరేండ్ల కింద ఆడ,
గేరు పట్టక బండి ఎనక్కి జారుతుంటే
చక్రం కింద రాయి పెట్టను దిగినాడు
నా క్లీనరు చిన్న మౌలాలి.
రాయి పెట్టినాడు. బండి నిలిచింది.
నిలిచినాక పిలిస్తే పలకలే.

అప్పట్నుంచి ఆ చెట్టు కాడ
పొయ్యేటప్పుడు రెండు హారన్లు, వచ్చేటప్పుడు రెండు.
లోడున్నా. ఖాళీ అయినా. పోలీసులున్నా.

ఈ కుర్చీలో యాడ తడిమినా హారను లేదు.
"అనంతపురం వచ్చిందా అన్నా?" అంటే
పక్క సీటాయన కండ్లు మూసుకొనే నవ్వినాడు.
వాచీ చూసుకున్నా. ఎక్కి ఎంతసేపు, ఇంకెంత,
మూడువందల చిల్లర కిలోమీటర్లను అరవైతో భాగిస్తే
గార్లదిన్నె ఎన్నో నిమిషానికి?
లెక్క తేలేలోపల ఆ నిమిషం దాటిపొయ్యిందేమో.
తల మీద మనిషి బొమ్మ బటన్ ఉంటే
రెండుసార్లు నొక్కినా.
టింగ్.
టింగ్.
ఆ పిల్ల వచ్చింది. "చెప్పండి సార్?"

ఏం చెప్పాల.

"నీళ్లు" అన్నా.
తెచ్చిచ్చిన పేపరు గ్లాసు తాగకుండా
అట్లనే పట్టుకొని కూచున్నా.

దిగేటప్పుడు నా కిటికీ ముందరే
చక్రాలు బయటికొచ్చినాయి, కొంగ కాళ్లు చాపినట్ల.
నేల తగిలి రోంత పొగ.
ఫంకా నిలిచీ నిలవక ముందే
పసుప్పచ్చ కోటు పిల్లోడొకడు, ఇరవై నిండినాయో లేదో,
రెండు చేతుల్లో రెండు చెక్కలు పట్టుకొని
వంగి, చక్రం కిందికి పొయినాడు.

ఇంత ఇమానానికీ అంతేనా?

అందరూ లేచినారు, బ్యాగులు దించుకున్నారు.
"నడువప్పా, దోవ ఇడువు" అన్నాడు ఎనకాయన.
"రోంత ఉండన్నా" అన్నా,
ఆ పిల్లోడు చక్రానికి అవతల
లేచి నిలబడేదాకా.